తాడు ముట్టిన చెయ్యి

పోయినవారం మనం జాహ్నవిని బారువకి దిగువన గెడ్డపేట ఒడ్డున, నడుముకి చున్నీ బిగించుకుని వల తాడు లాగుతుండగా వదిలిపెట్టి వచ్చాం. అదే సమయానికి సరుగుడు తోట మొదట్లో ఒక తెల్లకారు ఆగింది. అందులోంచి దిగి, ఇసకలో బూట్లు కూరుకుపోతుంటే విసుక్కుంటూ వస్తున్న పెద్దమనిషిని దూరం నుంచే పోల్చుకుంది జాహ్నవి. ఆయన వాళ్ల నాన్న, రావివలస వైకుంఠరావు.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. టెక్కలిలో డిగ్రీ పూర్తిచేసిన కూతురు పలాసలో ఏదో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటోందనీ, ఆడపిల్లల హాస్టల్లో ఉంటోందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని అల్లింది జాహ్నవీ, వాళ్లమ్మ సరోజినీ. అసలు సంగతి వేరు. చలికాలంలో సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెట్టి పోతాయి. వాటిని కుక్కలూ నక్కలూ తవ్వుకు తినకుండా తెచ్చి, కంచెలోపల మళ్లీ ఇసకలో పూడ్చి, పిల్లలు బయటికొచ్చి సముద్రంలో కలిసేదాకా కాపలా కాయాలి. తాబేళ్లని కాపాడే ఒక సంస్థలో అదీ జాహ్నవి ఉద్యోగం. ఎండలు ముదిరేసరికి ముగిసిపోయే తాత్కాలికపు కొలువు. ఉండేది గెడ్డపేటలోనే, జోగమ్మ అనే బెస్తామె ఇంట్లో ఓ పక్కగదిలో, తినేది జోగమ్మ వండిన కూడు.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం.

అలివి వల లాగడం చూడనివాళ్లకి ఓ మాట చెప్పాలి. పడవ మీద వలని తీసుకెళ్లి సముద్రంలో చంద్రవంకలా పరిచి, రెండు కొసల తాళ్లనీ ఒడ్డుకి తెస్తారు. ఆడామగా రెండు వరసల్లో నిలబడి, వెనక్కి నడుస్తూ లాగుతారు. వరసలో ఆఖరికి చేరినవాళ్లు తాడు వదిలి, నీళ్ల దగ్గరికి పరుగెత్తి మళ్లీ ముందు పట్టుకోవాలి. చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ చేపల్లో ఒక పాలుంటుంది. చెయ్యి ఎవరిదని అడిగే ఆచారం గెడ్డపేటలో లేదు.

వైకుంఠరావు నేరుగా వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. ఆయన చేతిలో పలాస మిఠాయి పొట్లం ఉంది.

"నీ ఆఫీసు కోసం పలాసంతా తిరిగేను. నువ్వు సెప్పిన వీధిలో జీడిపప్పు కొట్లు తప్ప ఆఫీసన్నదే నేదు. మీ అమ్మకి ఫోన్ సేసి నిలదీత్తే అప్పుడు సెప్పింది. ఏటే ఇది? ఏటి సేత్తన్నావు?"

జాహ్నవి తాడు వదల్లేదు. వరస కదులుతోంది కాబట్టి తను కూడా వెనక్కి నడుస్తూనే ఉంది. ఆయన ముందుకి నడుస్తూ తిడుతున్నాడు. చూసేవాళ్లకి అదో తమాషా అయిపోయింది.

"ఆగమంటంటే నీకు కాదేటి! ఒగ్గు ముందు!" అంటూ వైకుంఠరావు మిఠాయి పొట్లం ఇసకలో పడేసి, కూతురి చేతుల్లోంచి తాడు లాక్కున్నాడు.

అక్కడే ఆయన పొరపాటు చేశాడు. రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడ్డాడు.

వరసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "ఓలమ్మా, బాబుగోరు తాడు ముట్టీసినారర్రా!" అంది జోగమ్మ.

"ముడితే ఏటయిందట?"

"ముట్టినోరు వల ఒడ్డెక్కినదాకా వరస ఒగ్గకూడదు బాబూ. మజ్జిలో ఒగ్గీత్తే వల అలుగుతాది. మా తాతల కాణ్ణుంచీ అంతే." జోగమ్మ నవ్వడం లేదు. వరసకి ముందున్న వల పెద్ద రామూర్తి కూడా వెనక్కి తిరిగి చూసి, పెద్దమనిషికి దండం పెట్టి, మళ్లీ తన పనిలో పడ్డాడు. రామూర్తి జోగమ్మ మరిది.

ఊరు కాని ఊళ్లో, పదిమంది ముందు, ఒకరి ఆచారం తొక్కి పోవడం వైకుంఠరావుకి చేతకాదు. రావివలస మల్లికార్జునుడి గుళ్లో ఎవరైనా చెప్పులతో మెట్టెక్కితే ఆయనే ముందు గదుముతాడు. తాడు వదల్లేక, లాగలేక ఒక నిమిషం నిలబడ్డాడు. తరవాత బూట్లు విడిచి, జోగమ్మ కూతురు దుర్గ చేతికిచ్చి, ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకున్నాడు. జాహ్నవి ఆయన పక్కన తాడు అందుకుంది. నవ్వితే చంపేస్తాడని తెలుసు కాబట్టి కింది పెదవి కొరుక్కుంది.

అలా తండ్రీకూతుళ్ల పోట్లాట తాడు మీదే సాగింది, వెనక్కి నడుస్తూ.

"డిగ్రీ సదివింది తాడు లాగడానికా?"

"తాడు లాగడం ఉద్యోగం కాదు నాన్నా. ఊరంతా లాగుతుంటే కూర్చుని సూడలేక పట్టుకున్నాను. నా ఉద్యోగం తాబేలు గుడ్ల కాపలా."

"పర్మినెంటేనా?"

"కాదు. గుడ్లు పగిలి పిల్లలన్నీ సముద్రంలోకి ఎల్లిపోయినదాకా."

"గుడ్లు పగిల్తే పోయే ఉద్యోగం!" వైకుంఠరావు తాడుని మరింత కసిగా లాగాడు. "నేను నీకు బంగారం లాంటి కొలువు సూసి పెట్టేను. సన్యాసిరావు బావ కొత్త కంపెనీ. టెక్కల్లో ఆఫీసు, ఏసీ గది, నీకో కుర్చీ. రేపే సేరాలి. అందులో మనకీ ఓ వాటా ఉంది."

"ఏటి కంపెనీ?"

"ఏటో సముద్రం పక్కన కడతారు. స్థలం కొనీసేం. వివరాలన్నీ బావకి తెలుసు."

జాహ్నవికి నిట్టూర్పు వచ్చింది. పొలంలో గట్టు బెత్తెడు జరిగితే నెల్లాళ్లు నిద్రపోని మనిషి, సన్యాసిరావు మావయ్య చెయ్యి చూపిస్తే చాలు, కళ్లతో చూడని భూమికి సంతకం పెట్టేస్తాడు. టెక్కలి రాజకీయాల్లో నలిగిన సన్యాసిరావు అంటే ఆయనకి అంత గురి.

"నేను రాలేను నాన్నా. పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గిరపడ్డాయి. ఇప్పుడు ఒగ్గీసి వత్తే, ఇన్నాళ్లు కాసిందంతా కుక్కల పాలు."

"నువ్వు లేపోతే ఇంకొకరు కాత్తారు."

"ఎవరు కాత్తారు? ఈళ్లంతా సముద్రమ్మీద బతికేవోళ్లు. ఒప్పుకున్నది నేను."

ఆయన ఇంకేదో అనబోయేలోగా వరస చివరికి వచ్చేశారు. ఇద్దరూ తాడు వదిలి నీళ్ల దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది. కెరటం వచ్చి వైకుంఠరావుని నడుందాకా తడిపి పోయింది. తిరిగి తాడు పట్టుకుంటున్నప్పుడు ఆయన చూపు కూతురి అరచేతుల మీద పడింది. ఇంట్లో ఎండుమిర్చి తొడిమలు తియ్యమంటే చేతులు మండుతున్నాయని గోలపెట్టే పిల్ల. ఇప్పుడా అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. జాహ్నవి గబుక్కున పిడికిళ్లు మూసింది. కూతురి చేతులు కష్టపడితే కోపం రావాలో గర్వం రావాలో ఏ తండ్రికి మాత్రం వెంటనే తెలుస్తుంది! ఆయన మళ్లీ తాడు లాగాడు.

వల దగ్గరికొచ్చింది. నీళ్లు తెల్లగా ఉడుకుతున్నట్టు కదిలాయి. "కవళ్లు! కవళ్లర్రా!" అని వెండిరంగు చిన్నచేపల గుంపుని చూసి ఎవరో కేకపెట్టారు. చాలా రోజులుగా నాచూ పీతలూ తప్ప తేని వల అది. ఆ పూట వల నడుమ చేపలు చేరే సంచి నిండిపోయి వచ్చింది. వరసలో ముసలివాళ్లకి కూడా బలం వచ్చింది. జోగమ్మ పాట ఎత్తుకుంది. వైకుంఠరావు తనకి తెలియకుండానే "ఐలసా" అన్నాడు.

అంతలో రామూర్తి చెయ్యెత్తి ఆపాడు.

రొమ్ములోతు నీళ్లలో, సంచి అడుగున, ఏదో పెద్దది కొట్టుకుంటోంది. ఒక్కసారి పైకి తేలింది. గుండ్రటి డిప్ప, చిలక ముక్కులాంటి మూతి. తాబేలు. చేపల బరువు మీద పడి మళ్లీ మునిగిపోయింది.

"ఒడ్డుకి లాగినదాకా ఆగితే సచ్చిపోతాది. ఊపిరికి పైకి రానేదు. బతకాలంటే నీళ్లలోనే సంచి ముడి ఇప్పీయాల," అన్నాడు రామూర్తి.

ముడి విప్పితే తాబేలు ఒక్కటే పోదు. కవళ్లు కూడా పోతాయి. ఎన్ని మిగులుతాయో సముద్రం దయ. ఇన్నాళ్లకి నిండిన వల అది.

జాహ్నవి నోరు తెరిచింది. అడిగే హక్కు తనకెక్కడిదని మళ్లీ మూసుకుంది. తనకి జీతముంది. వీళ్లకి ఈ సంచే ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్లు ఆ వరసలోనే ఉన్నారు.

ఎవరూ అడగక్కర్లేకపోయింది. గెడ్డపేటలో దానికో పద్ధతుంది. నిండిన సంచి విప్పాలంటే తాడు మీదున్న ప్రతి చెయ్యీ ఒప్పుకోవాలి. ఒక్క చెయ్యి కాదన్నా ముడి విప్పరు. రామూర్తి గొంతెత్తి అడిగాడు. "కూర్మనాథుడు సంచిలో ఉన్నాడర్రా. ఒగ్గీమంతారా?"

"ఒగ్గీ!" అన్నాడు మొదటివాడు.

"ఒగ్గీ!" అంది అతని వెనకున్న రాజులమ్మ. ఆమె ఇంట్లో ఎంతమంది తినేవాళ్లున్నారో జాహ్నవికి తెలుసు.

"ఒగ్గీ!" "ఒగ్గీ!" మాట రెండు తాళ్ల వెంబడీ పాకుతూ వచ్చింది. ఒక్క గొంతూ తడబడలేదు. జాహ్నవికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంస్థ వాళ్లు శిక్షణలో రెండు రోజులు చెప్పినదంతా ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఇంత పెద్ద మనసులున్న ఊళ్లో ఉంటున్నానని ఎవరికి చెబితే నమ్ముతారు!

జోగమ్మ అంది. జాహ్నవి అంది. ఇక మిగిలింది వైకుంఠరావు.

"బాబూ, మీదీ ఓ సెయ్యుంది. ఏటంతారు?" రామూర్తి నీళ్లలోంచి అడిగాడు.

వైకుంఠరావు కూతురి వైపు తిరిగాడు. ఆయన కళ్లలో ఒక మెరుపు కనబడింది. సంతలో ఎద్దుల బేరం కుదిరే ముందు వచ్చే మెరుపు అది. జాహ్నవి చిన్నప్పటి నుంచీ ఎరుగున్నదే.

"ఒగ్గీమంటాను. నువ్వు ఈ సాయంత్రమే నాతో ఇంటికి వత్తానంటే."

"తాడు మీద బేరమేటి బాబూ!" అంది జోగమ్మ, మొహం చిట్లించి. కూతురు ఏడుస్తుందనీ, బతిమాలుతుందనీ, బేరం సాగుతుందనీ వైకుంఠరావు అనుకున్నాడు. సాగితే ఆయనదే పైచెయ్యి.

"వత్తాను," అంది జాహ్నవి.

రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "వత్తాను నాన్నా. బేగి సెప్పండి. దానికి ఊపిరాడటం లేదు."

వైకుంఠరావు కూతురి మొహంలోకి చూశాడు. ఏ ఉద్యోగం కోసం ఇంట్లో అబద్ధమాడిందో, ఏ ఉద్యోగం కోసం తనని ఎదిరించి నిలబడిందో, దాన్ని ఒక మూగజీవి ఊపిరి కోసం చేతిలో చిల్లపెంకులా వదిలేసింది. గెలిచినవాడి మొహం కాదు ఆయనది. సంతలో మోసపోయి ఇంటికొచ్చినప్పటి మొహం.

"ఒగ్గీండి," అన్నాడు. మళ్లీ గట్టిగా అరిచాడు. "ఒగ్గీండర్రా!"

రామూర్తి మునిగి ముడి విప్పాడు. కవళ్లు వెండి కాలవలా జారిపోయాయి. తాబేలు పైకి తేలి, నోరు తెరిచి, ముసలమ్మ నిట్టూర్చినట్టు ఒక్క పెద్ద ఊపిరి వదిలింది. రామూర్తీ ఇంకో ఇద్దరూ దాన్ని పట్టుకుని మెల్లగా తేల్చారు. జోగమ్మ నీళ్లలోకి దిగి, తన నుదుటి బొట్టు వేలితో తీసి డిప్ప మీద పెట్టింది. మొదటి కెరటానికే అది కరిగిపోతుందని అందరికీ తెలుసు. అయినా పెడతారు. శ్రీకూర్మం దిక్కుకి తిరిగి దండం పెట్టుకుని తాబేలుని వదిలేశారు.

సంచిలో సగం కన్నా తక్కువే మిగిలింది. దాన్నే ఒడ్డుకి లాగి, ఇసక మీద కుప్పలు పెట్టారు. పోయినవాటి గురించి ఒక్కరూ నోరెత్తలేదు. రామూర్తి ఒక కుప్ప చూపించి "ఇది మీ పాలు బాబూ," అన్నాడు. వద్దంటే ఊరిని అవమానించినట్టు. వైకుంఠరావు మెళ్లో కండువా తీసి పరిచాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల కండువాలో కవళ్లు మూటకట్టుకున్నాడు.

జాహ్నవి బట్టలు సర్దుకోవడానికి జోగమ్మ ఇంటికి వెళ్లింది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. సర్దడానికి పెద్దగా ఏముంది కనక! రెండు జతల బట్టలు, ఒక టార్చిలైటు, ఎండకి తల మీద కప్పుకోమని జోగమ్మ కుట్టి ఇచ్చిన గోనె గొడుగు. దుర్గ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "ఎల్లిపోతావేటప్పా?" అని ఒక్కటే అడిగింది. జాహ్నవి దాని తల నిమిరింది. మరొక్క నిమిషం నిలబడితే ఏడుపొస్తుందని తెలిసి బయటపడింది.

సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి నాన్న కారు దగ్గర లేడు. సరుగుడు తోట అంచున, గుడ్లు పూడ్చిన కంచె దగ్గర వంగి, వెదురు బొంగులని ఊపి చూస్తున్నాడు.

"ఈ కంచె ఎవులు కట్టేరు?"

"నేనే. బొంగులు రామూర్తి మావ కొట్టించేడు. కట్టింది నేను."

ఆయన ఒక ముడి పట్టుకు లాగాడు. కదల్లేదు. రెండోది లాగాడు. కంచె సంగతి ఆయనకి చెప్పాలా! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తోటలకి కట్టించిన మనిషి. "మన మావిడితోటకి కూలిచ్చి కట్టించిన కంచె ఇంత గట్టిగా నేదు," అన్నాడు. జాహ్నవికి తెలిసి ఆయన పొగిడింది ఎడ్లనీ వానలనీ మాత్రమే.

కారెక్కమంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు. కంచె లోపలికి వేలు చూపించాడు. "అక్కడ ఇసక కుంగుతున్నాదేటి?"

జాహ్నవి సంచి కింద పడేసింది. మొట్టమొదట పూడ్చిన గుంట అది. నిన్నటి దాకా చదునుగా ఉన్న ఇసక మధ్యలో పళ్లెంలా దిగిపోయింది. పిల్లలు గుడ్లు చీల్చుకుని లోపల కదులుతున్నాయి. చల్లబడగానే బయటికొస్తాయి. ఇన్నాళ్లు ఆమె కాసింది ఈ ఘడియ కోసమే. చూడకుండా పోవాల్సివస్తోంది.

"దుర్గకి సెప్పి వత్తాను నాన్నా. అది సూసుకుంటాది. మనం ఎల్దాం," అంది. సంచి మళ్లీ భుజానికెత్తుకుంది.

వైకుంఠరావు కూతురిని చూశాడు. కుంగిన ఇసకని చూశాడు. ఏదో అనబోతుండగా చొక్కా జేబులో ఫోను మోగింది. చేతులనిండా పొలుసులు. "ఎవులో సూడు," అన్నాడు. సన్యాసిరావు. జాహ్నవి ఫోను తీసి నాన్న చెవి దగ్గర పట్టుకుంది.

"ఏటి బావా, అమ్మాయి దొరికిందా? రేపు పొద్దున్నే ఆఫీసుకి తెచ్చీ. పంతులుగోరు మంచి ముహూర్తం సెప్పేరు."

వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. కూతురి చేతిలోని ఫోను వైపు కాదు, కూతురి మొహం వైపు చూస్తూ అన్నాడు. "రేపు కుదరదు బావా. మా అమ్మాయి డ్యూటీలో ఉంది."

ఇంతకాలం జాహ్నవి ఏ మాట వినాలని అలమటించిందో ఆ మాట. దాన్ని ఆయన మాయామర్మం లేకుండా, సగం తడిసిన బట్టల్లో, చేపల మూట చంకనెట్టుకుని అన్నాడు. అదీ వైకుంఠరావు. వంగడానికి ఎంత కష్టమో, వంగాక అంత నిటారు.

"డ్యూటీయా? ఎక్కడున్నావు నువ్వు? ఆ కెరటాల సప్పుడేటి?"

"బారువ దిగువని. గెడ్డపేట."

"గెడ్డపేటా!" అవతల సన్యాసిరావు పకపకా నవ్వాడు. "సెప్పకుండా మన సైటు సూడ్డానికెల్లిపోయేవన్నమాట! బాగుంది కదా? ఆ సరుగుడు తోటా, దాని ముందు ఇసక దిబ్బా అంతా మనదే. అక్కడెవరో కంచె కట్టేరట, సూసేవా? రేపు పొద్దున్న పొక్లెయిన్ దింపుతాను. తోటతో పాటు దాన్నీ పీకించీద్దాం."

జాహ్నవికి ప్రతి మాటా వినబడింది. వైకుంఠరావు తన వెనకున్న తోటని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు తిరిగి చూశాడు. సంతకం పెట్టిన చెయ్యి కండువా మూటని గట్టిగా పట్టుకుంది.

కంచెలోపల పళ్లెంలాంటి గుంటలో ఇసక చిట్లింది. బొటనవేలంత నల్లటి తల ఒకటి బయటికొచ్చి, సముద్రం ఎటుందో వెతుకుతున్నట్టు ఆగింది.

"నాన్నా," అంది జాహ్నవి మెల్లగా. "ఆ కంపెనీలో మీదీ ఓ సెయ్యుంది కదా. అక్కడ కూడా ఒక్క సెయ్యి కాదంటే ఆగుతాదా?"

ఫోనులో సన్యాసిరావు "అలో బావా, అలో!" అంటున్నాడు. వైకుంఠరావు చేపల మూట కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కూతురి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.